అచ్చిబాబు గీయని కోడు

మునిసిపల్ ఆఫీసు ఇంజినీరింగ్ సెక్షన్లో కిటికీ పక్కనున్న ఏటవాలు బల్ల మొదట అచ్చిబాబుది. ఇరవై రెండేళ్ళు ఆ బల్ల మీదే ఊరి పటాలు గీశాడు. తొంభై ఒకటో సంవత్సరం వేసవిలో ఒక మధ్యాహ్నం, స్కేలు చేతిలో ఉండగానే గుండె పట్టేసి పక్కకి ఒరిగిపోయాడు. పిల్లలు లేరు. ఆఫీసువాళ్ళు జాలిపడి, కాగితాలన్నీ వాళ్ళే రాసి, పదో తరగతి పాసైన అతని భార్య మాణిక్యాంబకి ట్రేసరు ఉద్యోగం ఇప్పించారు. అదే బల్ల, అదే కుర్చీ ఆమెకి వచ్చాయి.

మొదటి ఆరు నెలలూ ఆమె గీత వంకర పోయేది. పలచటి ట్రేసింగ్ కాగితం మీద సిరా కారిపోయేది. ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు, ఆమెకి అదే ఎక్కువ కష్టంగా ఉండేది. తరువాత చెయ్యి కుదిరింది. ఆ పైన ఖలాసీ వీరాస్వామి వెంట వెళ్ళి లెవెల్ పెట్టడం కూడా నేర్చుకుంది. మూడు కాళ్ళ స్టాండు మీద దుర్భిణి బిగించి, దూరంగా వీరాస్వామి నిలబెట్టిన అంకెల కర్రని అందులోంచి చూసి, నేల ఎక్కడ మెరకో ఎక్కడ పల్లమో రాసుకోవడం ఆ పని. ఆడమనిషి నడిబజార్లో ఒక కన్ను మూసుకుని నిలబడితే జనం కొన్నాళ్ళు వింతగా చూశారు. తరువాత వాళ్ళకీ అలవాటైపోయింది.

ఇంటి దగ్గర ఆమెకి ఉన్నది బావగారి కుటుంబం ఒక్కటే. గోగులమ్మ వీధిలో అన్నదమ్ములిద్దరివీ పక్కపక్క ఇళ్ళు, పెరడు మాత్రం ఒకటే. బావగారు పెదబాబు తన ఇంటి వీధి గదిలో ఎరువుల కొట్టు నడిపేవాడు. తోటికోడలు చిన్నమ్మాయి పొద్దున్నే పెరట్లోంచి కూర గిన్నె పట్టుకొచ్చి గుమ్మంలో పెట్టి, ఒక్కదానివీ ఏం వండుకుంటావులే అనేది. ఆదివారాలు మాణిక్యాంబ భోజనం అక్కడే. వారం మొత్తం మీద ఆఫీసు మాటలు కాకుండా ఆమె వేరే మాటలు మాట్లాడేది ఆ ఒక్క పూటే.

తొంభై ఏడు అక్టోబరులో నాలుగు రోజులు వదలకుండా వాన పడింది. బస్టాండు మునిగింది. గోగులమ్మ వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. ఊరికి దిగువన, పెద్ద డ్రెయిను గట్టు పక్కనున్న పల్లిపాలెం నడుం లోతు మునిగిపోయింది. అక్కడివాళ్ళు కాలవల్లో చేపలు పట్టి బజార్లో అమ్ముకుని బతికేవాళ్ళు. పదకొండు రోజులు హైస్కూలు వరండాలో తల దాచుకున్నారు. ఆ వరండాలోనే ఒక పసిబిడ్డ జ్వరంతో పోయింది. ఆ వార్త పేపర్లో పడింది. కొన్నాళ్ళకి ఊరికి వాననీటి కాలవ పథకం వచ్చింది.

మునిసిపల్ ఇంజినీరు ఉదయభాస్కర్ ఆ ఊరికి కొత్త. ముప్ఫై ఐదేళ్ళుంటాయి, మర్యాదస్తుడు. బస్టాండు పల్లంలో చేరే వాననీటిని పెద్ద డ్రెయినులో కలపాలి. కౌన్సిల్ పెద్దలు దానికి అప్పటికే ఒక దారి అనుకున్నారు, పల్లిపాలెం మధ్య నుంచి. అరవై నాలుగు గుడిసెలు లేపెయ్యాలి, అయితే ఒక్కదానికీ పట్టా లేదు. వాళ్ళకి నాలుగు మైళ్ళ అవతల స్థలాలు చూపిస్తామన్నారు. చేపల బుట్టలు నెత్తిన పెట్టుకుని నాలుగు మైళ్ళ అవతల నుంచి బజారుకి ఎలా వస్తారని ఎవరూ అడగలేదు. ఉదయభాస్కర్ మాణిక్యాంబని పిలిచి ఆ దారి వెంట లెవెల్స్ తీసి పటం గీసి ఇమ్మన్నాడు.

ఆమె వీరాస్వామిని తీసుకుని ఎనిమిది రోజులు పల్లిపాలెంలో తిరిగింది. లోవమ్మ అనే ముసలామె, ఎండలో నిలబడ్డారేంటండి అంటూ పీట వేసింది. తన గుడిసె మట్టిగోడ మీద నీళ్ళు నిలిచిన మరక చూపించింది. వరండాలో పోయిన పసిబిడ్డ తన మనవరాలేనని, మరక చూపించిన గొంతుతోనే చెప్పింది. మాణిక్యాంబ దుర్భిణి మీదికి వంగి అంకెలు చదువుకుంది.

ఆ అంకెలు కుదరలేదు. పల్లిపాలెం పల్లమే, కాని దాని చివర డ్రెయిను గట్టు దగ్గర నేల మళ్ళీ లేచింది. అక్కడ కాలవ తవ్వితే నీరు పోవడం మాట అటుంచి, డ్రెయిను నిండినప్పుడు ఆ నీరే ఊళ్ళోకి ఎదురు తన్నుతుంది. మరి వాన నీళ్ళు అసలు ఎటు పోవాలని చూస్తున్నాయి? ఎవరూ చెప్పకపోయినా ఆమె బస్టాండు చుట్టూ నాలుగు వైపులా లెవెల్ పెట్టింది. ఒకే ఒక్క వైపు నేల అడుగడుక్కీ దిగుతూ పోయింది. బస్టాండు వెనక నుంచి గోగులమ్మ వీధిలోకి, వీధి పొడుగునా ఇళ్ళ అరుగుల కింద నుంచి, ఆ చివర పెద్ద డ్రెయినులో కలిసే పాత తూము దాకా. అరుగులు అడ్డం పడబట్టి నీళ్ళు పక్కకి మళ్ళి పల్లిపాలెం మీద పడుతున్నాయి. తన ఇంటి ముందు కర్ర నిలబెట్టించి చూసినప్పుడు, పాత దుర్భిణి కావడంతో, తన గుమ్మం తలకిందులుగా కనబడింది.

కర్ర పట్టుకున్న వీరాస్వామి, తన చిన్నతనంలో ఇక్కడ ఊరి వాననీరు పోయే కోడు ఉండేదనీ, వానాకాలంలో అందులో ఈత కొట్టేవాళ్ళమనీ చెప్పాడు. మాణిక్యాంబ ఆఫీసుకి వచ్చి పటాలన్నీ తిరగేసింది. ఆ వార్డుకి ఉన్నది ఎనభై ఒకటిలో అచ్చిబాబు తిరగగీసిన పటం ఒక్కటే. అందులో కోడు లేదు. ఇళ్ళ హద్దులు నేరుగా రోడ్డు అంచు దాకా వచ్చి ఉన్నాయి. కింద అచ్చిబాబు గుండ్రటి అక్షరాలు, సంతకం, తేదీ. అతను దేన్ని చూసి గీశాడో ఆ పాత గుడ్డ పటం రికార్డు రూములో లేదు. చెదలు పట్టి పాడైనదని రిజిస్టర్లో రాసి ఉంది. ఆ రాత కూడా అతనిదే.

ఆ శనివారం మధ్యాహ్నం ఆమె ఇంటికొచ్చి అచ్చిబాబు రేకు పెట్టె తెరిచింది. ఏడేళ్ళలో ఎప్పుడూ అడుగు దాకా వెతకలేదు. పంచెల కింద, పాత దుప్పటిలో చుట్టి, పటం ఉంది. నేల మీద పరిచి నాలుగు మూలలా చెంబులు పెట్టింది. నీలం రంగు వేసిన కోడు బస్టాండు వెనక నుంచి వంపు తిరిగి, వీధి పక్కనే దిగువకి సాగింది. పన్నెండడుగుల వెడల్పు. మురుగు కోడు, పోరంబోకు అని దాని మీద పాతకాలం అక్షరాలున్నాయి. ఆ పన్నెండడుగుల మీదే ఇప్పుడు ఆమె కూర్చుని ఉంది. వీధి గది మొత్తం అందులోకే వచ్చింది. తను కాపురానికి వచ్చేనాటికి అది తుప్పలు మొలిచిన ఖాళీ పల్లం, గది కడుతున్నప్పుడు తమ స్థలమే అనుకుంది.

అచ్చిబాబు అబద్ధమాడగా ఆమె ఎప్పుడూ చూడలేదు. కూరగాయలామె ఒక వంకాయ ఎక్కువ తూస్తే వెనక్కి పిలిచి ఇచ్చేసే మనిషి. గీత వెంట్రుకవాసి జరిగితే కాగితం మొత్తం మళ్ళీ గీసేవాడు. అలాంటివాడు ఒక కోడుకి కోడునే వదిలేశాడు. వదిలేసి, ఈ పటాన్ని చింపలేదు, పొయ్యిలో పెట్టలేదు. దుప్పటి మడతల్లో పొడైపోయిన వేపాకూ, ఇంకా ఆకుగానే ఉన్న వేపాకూ కలిసి ఉన్నాయి. ఏటేటా తీసి చూసుకుని మళ్ళీ దాచేవాడన్న మాట. ఎందుకు దాచావని అడుగుదామంటే మనిషి లేడు. రోజూ సాయంత్రం గోడ మీది అతని ఫోటోతో నాలుగు మాటలు చెప్పుకునే ఆమె, ఆ రోజు అటు చూడలేదు.

మర్నాడు ఆదివారం. బావగారింట్లో భోజనాలయ్యాక విషయం చెప్పింది. విస్తళ్ళు తీస్తున్న చిన్నమ్మాయి చెయ్యి ఆగిపోయింది. పెదబాబు చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"తమ్ముడు నా కోసమే చేశాడమ్మా," అన్నాడు. "కొట్టు పెట్టుకోడానికి నాకు చోటు లేదు. కోడు అప్పటికే సగం పూడిపోయి ఉంది. పటంలో లేకపోతే ఎవడూ అడగడని నేనే వాణ్ణి బతిమాలాను. మూణ్ణెల్లు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తరవాత గీసేశాడు. నేను కట్టాను. నన్ను చూసి వీధంతా కట్టుకుంది."

కోడు పూడ్చబట్టే నీళ్ళు పల్లిపాలెం మీద పడుతున్నాయనీ, ఇప్పుడా గుడిసెలు లేపి కాలవ తవ్వినా ఊరు మునగడం ఆగదనీ ఆమె మెల్లగా వివరించింది. కాలవ పోవలసిన దారి మన వీధేనండి అంది.

"పటం పెట్టెలో ఉంటే ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసింది కదండీ, బావగారూ."

పెదబాబుకి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పోయినవాడి పేరు బజారుకెక్కిస్తావా? వాడు పోయాక నీకెవరున్నారమ్మా, మేం కాక?"

నిజంగానే ఎవరూ లేరు. పెరట్లోంచి తన ఇంటికి వచ్చి పడుకుంది. సాయంత్రం చిన్నమ్మాయి కాఫీ తెచ్చింది గాని, గ్లాసు గుమ్మంలో పెట్టి పలకరించకుండానే వెళ్ళిపోయింది.

సోమవారం, మంగళవారం మాణిక్యాంబ పటం పెట్టెలోనే ఉంచింది. ఇంజినీరు గీయమన్న దారినే గీయడానికి కూర్చుంది. కాగితం మీద గుడిసెకొక చిన్న గడి. తీసెయ్యవలసిన వాటి మీద ఎర్ర సిరాతో అడ్డగీత పెట్టాలి. పద్దెనిమిది గుడిసెల మీద పెట్టింది. పందొమ్మిదోది లోవమ్మది. పెన్ను పైకెత్తి పట్టుకుని, నిబ్బు మీద సిరా ఆరిపోయేదాకా కూర్చుంది. బుధవారం పొద్దున్న గుడ్డ పటాన్ని చంకలో పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది.

ఉదయభాస్కర్ రెండు పటాలూ పక్కపక్కన పరిచి చూశాడు. ఆమె తీసిన లెవెల్స్ చూశాడు. లేచి వెళ్ళి గది తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ఇదెక్కడ దొరికిందండి, మాణిక్యాంబ గారూ?"

"మా ఇంట్లోనండి. మా ఆయన పెట్టెలో."

"ఎలా దొరికిందో మీరు రాసివ్వకపోతే దొంగ పటమంటారు. రాసిస్తే ఆయన పేరు రికార్డులోకి ఎక్కుతుంది. ఆ వీధిలో మీ ఇల్లు కూడా ఉంది కదండి?"

"ఉందండి. వీధి గది పోతుంది."

ఇంకొకసారి ఆలోచించుకోమన్నాడు. ఆలోచించుకున్నానంది. ఆయన తెల్లకాగితం ఇచ్చాడు. ఆమె తన బల్ల దగ్గరికి వెళ్ళి అరపేజీ రాసింది. 'నా భర్త' అని రాసిన చోట పెన్ను కాసేపు ముందుకి కదల్లేదు.

ఆ వార్డు కౌన్సిలరు పల్లంరాజు మీటింగులో బల్ల గుద్ది అరిచాడు. ఓట్లున్న వీధిని కూల్చి, పట్టాల్లేని వాళ్ళని ఉంచుతారా అని అడిగాడు. కాకినాడ నుంచీ ఏలూరు నుంచీ ఇంజినీర్లు వచ్చి మళ్ళీ లెవెల్స్ తీశారు. అవే అంకెలు వచ్చాయి. గోగులమ్మ వీధి దారే ఖాయమైంది. ఇరవై మూడు ఇళ్ళ ముందు భాగాలు పోతాయని నోటీసులు అంటించారు. నాలుగు నెలలకి ఉదయభాస్కర్‌కి బదిలీ అయింది. వెళ్ళేరోజు ఆమె బల్ల దగ్గరికి వచ్చి, వస్తానండి అని మాత్రం అన్నాడు. ఆమె లేచి నిలబడింది. జరిగిందంతా తెలిసి, ఆమెని తప్పు పట్టని మనిషి ఆయనొక్కడే.

పడగొట్టడం తన ఇంటితోనే మొదలుపెట్టమని ఆమె అడిగింది. ముందు రోజు ఫోటో తీసి వెనక గదిలో తగిలించింది, మంచం లోపలికి జరుపుకుంది. పనివాళ్ళు పెంకులు దించి, గోడల్ని గునపాలతో తోశారు. మధ్యాహ్నానికి ఆమె వంటగది వీధిలోకి కనబడుతోంది. పెదబాబు తన కొట్టులో ఎరువుల బస్తాలన్నీ తనే మోసుకుని లోపల పెట్టుకున్నాడు, ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. వారం తిరక్కుండా పెరటి మధ్యలో మేస్త్రీ గోడ లేపాడు, మనిషి ఎత్తు దాటి. ఆఖరి వరస ఇటుకలు పెడుతున్నప్పుడు చిన్నమ్మాయి అవతల తులసికోట దగ్గర నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తరువాత ఇటుక అడ్డం వచ్చింది.

కూర గిన్నె రావడం ఆగిపోయింది. మంచినీళ్ళ కొళాయి దగ్గర ఆమె బిందె వచ్చేసరికి మాటలు ఆగేవి. వీధిలో పెళ్ళి జరిగితే శుభలేఖ పక్కింటికి వచ్చి, ఆమె గుమ్మం వదిలేసి, ఆ పైయింటికి వెళ్ళేది. మొగుణ్ణి మింగింది చాలక వాడి పేరు కూడా మింగిందని ఒకామె ఆమెకి వినబడేలాగే అంది. ఆఫీసులో మాత్రం ప్రమోషను కోసం చేసిందనుకున్నారు. ప్రమోషను రాలేదు. పల్లిపాలెం వాళ్ళు తమ గుడిసెలు మిగిలింది పల్లంరాజు వల్లేననుకుని ఆయనకి పూలదండ వేశారు. ఆయన వేయించుకున్నాడు.

ఆదివారాలు అన్నిటికంటే పొడుగ్గా ఉండేవి. ఒక ఆదివారం బస్సెక్కి కొవ్వూరు వెళ్ళి గోదావరి ఒడ్డున మెట్ల మీద కూర్చుంది. అవతల రాజమండ్రి కనబడుతోంది, వంతెన మీద రైళ్ళు వచ్చి పోతున్నాయి. పక్కన ఎవరో కుటుంబం పులిహోర పొట్లాలు విప్పుకుని తింటూ, ఆమె చేతిలో కూడా కాస్త పెట్టారు. ఏ ఊరండి అని అడిగితే చెప్పింది. అంతకుమించి చెప్పుకోవడానికి ఆమెకీ ఏమీ కనబడలేదు. చీకటి పడకముందే ఇల్లు చేరి, వెనక గదిలో ఫోటో ముందు కూర్చుంది. చాలా నెలల తరువాత దానితో మాట్లాడింది. మునుపటిలా ఆ రోజు సంగతులు కాదు. మూణ్ణెల్లు అన్నగారితో మాట్లాడకుండా ఉన్నప్పుడు నాతోనైనా చెప్పొచ్చు కదా అని అడిగింది. ఆ రోజుల్లో అతను అన్నం సరిగ్గా తినేవాడు కాదని, తన వంటే బాగా కుదరలేదేమో అనుకుందని, అప్పుడు గుర్తొచ్చింది.

కాలవ పూర్తవడానికి ఏడాదిన్నర పట్టింది. రెండువేల సంవత్సరం ఆగస్టులో వాన పట్టుకుంది. మూడో రోజు మధ్యాహ్నం మాణిక్యాంబ గొడుగు వేసుకుని వీధిలోకి వచ్చింది. ఆమె గుమ్మం ముందు నుంచే, సిమెంటు గోడల మధ్య, నీళ్ళు అంచుకి ఒక జానెడు కిందుగా ఎర్రగా పరుగెడుతున్నాయి. వీధి తడిగా ఉంది గాని నీళ్ళు నిలవలేదు. జనం కాలవ మీది పలకల మీద నిలబడి చూస్తున్నారు. ఆమె నడిచివస్తుంటే పక్కకి జరిగి దారి ఇచ్చారు.

పల్లిపాలెం దాకా నడిచింది. దారంతా బురద, కాని నేల కనబడుతోంది. లోవమ్మ గుడిసెలో పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. వాన మూడో రోజున ఆ పాలెంలో పొయ్యి వెలగడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు.

"ఆయ్, ఆఫీసు అమ్మగారా. పట్టాలిత్తారని చెప్పడానికొచ్చారాండి?"

కాదు, ఊరికే వచ్చానంది. లోవమ్మ లోపలికి పిలిచి, పీట వేసి, గాజుగ్లాసులో టీ పోసి ఇచ్చింది.

"ఈయేడు నీళ్ళు దారి తప్పాయండి. మావైపు రానేలేదు. గంగమ్మ తల్లి దయ."

మాణిక్యాంబకి చెబుదామని నోటి దాకా వచ్చింది. కాని చెబితే మొదటి నుంచీ చెప్పాలి. కోడు ఎవరు చెరిపారో చెప్పాలి. చెరపకపోయి ఉంటే ఆ పసిబిడ్డకి ఇప్పుడు మూడేళ్ళు నిండేవి. ఈ ఇంట్లోనే, ఈ పొయ్యి దగ్గరే తిరుగుతుండేది. ఆమె టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి లేచింది. మీ పట్టాల కాగితం ఆఫీసులో ఎక్కడ ఆగిందో కనుక్కుంటానని మాత్రం చెప్పింది. ఆ పని మర్నాటి నుంచే మొదలుపెట్టింది కూడా. రెండేళ్ళు బల్లల చుట్టూ తిరిగింది. పట్టాలు వచ్చాయి.

ఆ వాన రోజు సాయంత్రం పల్లిపాలెం నుంచి ఇంటికొచ్చి, తడిసిన చీర మార్చుకుని, పెరటి వసారాలో కూర్చుంది. వాన సన్నబడింది. గోడ అవతల అడుగుల చప్పుడైంది, ఆగింది.

"మాణిక్యం."

రెండేళ్ళ తరువాత ఆ గొంతు. ఆమె లేచి గోడ దగ్గరికి వెళ్ళింది.

"ఇంట్లోకి నీళ్ళొచ్చాయా?"

"రాలేదక్కయ్యా. మీకు?"

"లేదు." గొంతు గోడకి ఇంకాస్త దగ్గరగా వచ్చింది. "మీ బావగారు పొద్దుటినుంచీ గుమ్మంలో కుర్చీ వేసుకుని ఆ నీళ్ళనే చూస్తున్నారు. అన్నానికి కూడా లేవలేదు."

మాణిక్యాంబ ఇంకేదో అనబోయేలోగా అడుగులు వెనక్కి వెళ్ళిపోయాయి. అవతల తలుపు వేసుకున్న చప్పుడైంది.

ఆ గోడ ఎప్పుడూ తీయలేదు. కూర గిన్నె మళ్ళీ రాలేదు. పెదబాబు ఆమెతో మాట్లాడకుండానే నాలుగేళ్ళకి కాలం చేశాడు. ఆమె వెళ్ళి వరండాలో ఒక మూల కూర్చుని వచ్చింది, ఎవరూ లేచి పొమ్మనలేదు. అయితే ఏ ఏడాదైనా వాన రెండో రోజు కూడా వదలకుండా పడిందంటే గోడ అవతల నుంచి అదే మాట వచ్చేది, నీళ్ళొచ్చాయా అని. రాలేదక్కయ్యా అని ఈవిడ చెప్పేది. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. అందుకని వాన గట్టిగా పట్టిన రోజున మాణిక్యాంబ ఆఫీసు నుంచి పెందలాడే వచ్చి, వంట త్వరగా ముగించుకుని, గొడుగు వేసుకుని గోడ దగ్గర నిలబడేది.